ఇంటిపేర్ల ప్రయాణము – కాళహస్తి దామెర్లవారు, చెన్నపట్టణము

తెలుగువారిలో ఇద్దరు అపరిచితులు కలిసినప్పుడు మొదట అడుగుకొను ప్రశ్న “మీ ఇంటిపేరేమి?” అనునది. ఆ పిమ్మటనే “ఏ ఊరివారు?” అనుట కలదు. యోచించి చూచినచో ఈ రెండును పెక్కు సందర్భములలో ఒకే ప్రశ్న. మొదటిది పూర్వులు విడిచివచ్చిన ఊరిని గూర్చియు, రెండవది ఇప్పుడు నివసించుచున్న ఊరిని గూర్చియు అడుగుచున్నవి. ఈ రెండూళ్ళ నడుమనున్న దారియే ఆ కుటుంబచరిత్ర.

ఇంటిపేరునకు తెలుగువాడు ముందుచోటు నిచ్చెను, ఇంగ్లీషువాడు వెనుకచోటు నిచ్చెను. చోటు వేరైనను రెండింటి పుట్టుకయందును, పయనమందును ఆశ్చర్యకరమైన పోలిక కలదు. ఈ రెండువిధముల ఇంటిపేర్లును 1639వ సంవత్సరమున మన తూర్పుతీరమున ఒక ఇసుకతిన్నెపై ఎదురుపడెను. ఆ కలయికలో తెలుగు పక్షమున నిలిచినది శ్రీకాళహస్తి ప్రాంతమును ఏలిన దామెర్లవారి కుటుంబము. దాని ఫలితము నేటి చెన్నై మహానగరము. ఈ సంగతి కాళహస్తి యాత్రకు పోవువారిలోను, చెన్నైలో కాపురముండు మన తెలుగువారిలోను చాలమందికి తెలియదు. కావున ఆ పేర్ల వృత్తాంతమును మేమిచట కొంత విపులముగా చెప్పదలచితిమి.

ముందుగా మన ఇంటిపేర్లు ఎట్లేర్పడినవో చూతము. వృత్తినిబట్టి వచ్చినవి కొన్ని, పూర్వుని ఆకారమునో గుణమునో బట్టి వచ్చినవి కొన్ని, చెట్టుచేమలను బట్టియు వస్తువులను బట్టియు వచ్చినవి మరికొన్ని. అయినను ఊరిపేరునుండి వచ్చినవే మిక్కిలి ఎక్కువ. ఇందొక విశేషము కలదు. ఒక కుటుంబము తన ఊరిలో ఉన్నంతకాలము ఆ ఊరిపేరు దానికి ఇంటిపేరు కాజాలదు. వెలుగోడులో ఉన్నవారందరును వెలుగోటివారే గదా! ఆ మాట చెప్పి ఒకరినుండి ఒకరిని వేరుపరచుట సాధ్యము కాదు. వెలుగోడు విడిచి మరియొకచోటికి పోయిననాడే “వీరు వెలుగోటివారు” అని కొత్త ఊరివారు పిలువసాగుదురు. అనగా ఊరిపేరు ఇంటిపేరైనదన్నచో, ఆ కుటుంబము ఆ ఊరు విడిచినదనుటకు అదియే సాక్ష్యము.

వ్యాకరణము కూడ ఈ సంగతినే చెప్పుచున్నది. వెలుగోడు అను ఊరిపేరు “వెలుగోటి” అయినది. పూసపాడు “పూసపాటి” అయినది. ఇల్లు “ఇంటి” అయినట్లు, ఏరు “ఏటి” అయినట్లు ఇవి ఔపవిభక్తిక రూపములు. “వెలుగోటి” అన్నచో “వెలుగోడునకు చెందిన” అని అర్థము. కర్నూలు సీమలోని వెలుగోడు పేరుతో వెలుగోటివారు నెల్లూరు సీమలోని వెంకటగిరిని ఏలిరి. కృష్ణాతీరపు పూసపాడు పేరుతో పూసపాటివారు కళింగసీమలో విజయనగరమును కట్టుకొనిరి. ఏలిన రాజ్యము పేరు బిరుదావళిలో నిలిచెను. విడిచిన పల్లె పేరు ఇంటిపేరులో నిలిచెను.

ఇక ఇంగ్లీషువారి సంగతి. 1066లో నార్మనులు ఇంగ్లాండును జయించుటకు పూర్వము అచట వంశపారంపర్యమైన ఇంటిపేర్లు వాడుకలో లేకుండెను. ఒక్కొక్కనికి ఒక్క పేరే. నార్మను ప్రభువులు తమ భూములపేర్లను తమపేర్లకు చేర్చుకొనిరి. పన్నుల పట్టీలును, భూముల దస్తావేజులును పెరిగినకొలది, ఒకే పేరుగల పదిమందిని వేరుపరచవలసి వచ్చి, సామాన్యులకును ఉపనామములు ఏర్పడెను. 1400 నాటికి ఇంగ్లాండులో మిక్కిలి కుటుంబములకు ఇంటిపేర్లు స్థిరపడినవి. అవియు నాలుగు విధములు: ఊరిపేరు, తండ్రిపేరు, వృత్తిపేరు, ఆకారగుణములనుబట్టి వచ్చిన పేరు.

మనకు సుపరిచితులైన దొరల పేర్లనే తీసికొందము. కడపలో ఉద్యోగము చేసి తెలుగు గ్రంథముల నుద్ధరించిన సి. పి. బ్రౌనుగారి ఇంటిపేరు ఎవరో పూర్వుని జుట్టు రంగునో, మేనిచాయనో బట్టి వచ్చినది. మన “ఎర్ర”, “నల్ల” అను ఇంటిపేర్లకు అది చుట్టమే. గోదావరిపై ఆనకట్ట కట్టించిన కాటనుదొర పేరు వినినంతనే ప్రత్తి జ్ఞప్తికి వచ్చును గాని, ప్రత్తికిని ఆ పేరునకును సంబంధము లేదు. ప్రాచీనాంగ్లమున “గుడిసెలయొద్ద” అను అర్థముగల విభక్తిరూపము ఊరిపేరై, ఆ ఊరిపేరు ఇంటిపేరైనది. మన “వెలుగోటి”లో వలెనే ఆ పేరులోను పాతభాష విభక్తి దాగియున్నది. 1800 నుండి 1807 వరకు దత్తమండలములలో కలెక్టరుగానుండి రాయలసీమ ప్రజల మన్నననందిన మన్రోదొరది స్కాట్లండు కుటుంబము. ఆ పేరు మాత్రము ఐర్లండులోని రో నది ముఖమునుండి వచ్చినదని వారి వంశ సంప్రదాయము. పేరు ఒక దేశపు నదిని, కుటుంబము మరియొక దేశపు కొండలను, ఉద్యోగము మన పెన్నానదీతీరమును చూచినవన్నమాట.

మన కథకు ముఖ్యులైన ఆంగ్లేయులు మరి ఇద్దరు. ఒకడు ఆండ్రూ కోగన్. ఇతడు 1639లో మచిలీపట్టణమున ఈస్టిండియా కంపెనీ వ్యవహారకర్త. రెండవవాడు ఫ్రాన్సిస్ డే. ఇతడు నెల్లూరు సీమలోని దుగరాజపట్టణమున, అనగా ఆంగ్లేయులు ఆర్మగాన్ అని పిలిచిన రేవున, కంపెనీ వర్తకశాలకు అధికారి. “డే” అను పేరు పగటికి సంబంధించినది కాదు. డేవిడ్ అను పేరునకు ముద్దుపేరుగానో, పాడిపనిచేయు సేవకులను తెలుపు పాతమాటనుండియో అది పుట్టినదని పండితులందురు. “కోగన్” మాత్రము అచ్చముగా ఊరిపేరు. వేల్సుదేశపు దక్షిణతీరమున గ్లమార్గను సీమలో కోగన్ అను గ్రామము కలదు. ఆ ఊరిపేరు ధరించిన మైలో డి కోగన్ అను వీరుడు 1170లో నార్మను సేనలతో ఐర్లండునకు పోయి డబ్లిను నగరమును పట్టుకొనుటలో ప్రముఖుడయ్యెను. 1177లో రెండవ హెన్రీ రాజు అతనికిని, మరియొకనికిని కార్కు రాజ్యమును పంచి ఇచ్చెను. ఐర్లండు ప్రజల నోట కోగన్ అను పేరు “గోగిన్” అయినది. వేల్సు పల్లెనుండి బయలుదేరిన పేరు, ఒక పాయ ఐర్లండులో మాండలికమున కరగిపోగా, మరియొక పాయ ఇంగ్లాండులో నిలిచెను. మచిలీపట్టణపు ఆండ్రూ ఆ మైలో సంతతివాడని చెప్పుట మా ఉద్దేశము కాదు. పేరు నడచిన దారి ఒకటి, రక్తము నడచిన దారి ఒకటి. ఆ రెండింటిని కలిపివేయుట ఇంటిపేర్ల చరిత్రలో తరచుగా జరుగు పొరపాటు.

ఇప్పుడు మన దామెర్లవారి కడకు వత్తము. వీరు పద్మనాయక వెలమ కుటుంబమువారు. కాకతీయ సామ్రాజ్యము 1323లో కూలిన పిమ్మట తెలంగాణమున రాచకొండ, దేవరకొండ దుర్గములలో పద్మనాయక ప్రభువులు స్వతంత్రులై నిలిచిరి. 15వ శతాబ్దమున బహమనీ సుల్తానుల ఒత్తిడి హెచ్చగా ఆ రాజ్యములు అంతరించెను. కత్తిపట్టుటయే జీవనముగాగల కుటుంబములకు అప్పుడు దక్షిణమున ఒక ఆశ్రయము కనబడెను, అది విజయనగరము. నాయంకరములు, అనగా సైన్యమును పోషించు నియమముతో ఇచ్చిన భూములు, వారిని కృష్ణ దాటించి పెన్నవరకును, పెన్న దాటించి సువర్ణముఖివరకును, ఆపై పాలారువరకును కొనిపోయెను. వెలుగోటివారు వెంకటగిరి ప్రాంతమునను, దామెర్లవారు కాళహస్తి ప్రాంతమునను స్థిరపడిరి. ఈ రెండు కుటుంబములకు వియ్యములును కలవు.

వారెంచుకొన్న చోటు సామాన్యమైనది కాదు. శ్రీకాళహస్తి క్షేత్రమును విజయనగర ప్రభువులు మిక్కిలి గౌరవించిరి. శ్రీకృష్ణదేవరాయలు 1516లో అచట పెద్దగోపురమును కట్టించెను. ఆ గోపురము 2010 మే 26న కూలిపోగా, దాని స్థానమున కొత్తగోపురము లేచి 2017లో ప్రతిష్ఠ జరిగినది. 1529లో అచ్యుతదేవరాయలు కాళహస్తియందు పట్టాభిషేకము జరుపుకొనెను. 1565లో తళ్ళికోట యుద్ధమున విజయనగరము పాడువడిన పిదప, అరవీటి రాజులు పెనుగొండకును, తరువాత చంద్రగిరికిని, వేలూరునకును రాజధానిని మార్చిరి. రాజధాని చంద్రగిరికి వచ్చినప్పుడు కాళహస్తి రాజ్యపు అంచు కాక రాజధానికి పొరుగూరైనది. అచటి నాయకులకు పలుకుబడి పెరుగుట సహజము.

ఆ కాలమున ప్రసిద్ధుడైనవాడు దామెర్ల చెన్నపనాయకుడు. ఇతని కుమారులు వేంకటప్ప, అయ్యప్ప, అంకభూపాలుడు మున్నగువారు. వేంకటప్పనాయకుడు చంద్రగిరి ప్రభువైన పెదవేంకటరాయల కొలువున మిక్కిలి ప్రాబల్యముగలవాడై, వందవాసి కేంద్రముగా తీరప్రాంతమును పాలించెను. తమ్ముడు అయ్యప్ప పూందమల్లియందుండి అన్నకు బదులు తీరపు వ్యవహారములను చక్కబెట్టుచుండెను. అంకభూపాలుడు కవి. అతడు “ఉషాపరిణయము” అను ప్రబంధమును రచించి తన తండ్రి పేర అంకితమొనర్చెను. ఈ కవియే లేకున్నచో నేడు మన కథలో ఒక ముఖ్యసాక్ష్యము లోపించియుండెడిది.

అప్పటి తీరపు పరిస్థితి యిట్టిది. ప్రళయకావేరి, అనగా పులికాటున హాలండువారు 17వ శతాబ్దారంభముననే కోట కట్టుకొని కూర్చుండిరి. మైలాపూరు చెంత శాన్‌తోములో పోర్చుగీసువారుండిరి. ఈ ఇరువురకు పడదు. ఆంగ్లేయులు 1626లో దుగరాజపట్టణమున దిగిరి గాని, అచట సరకు చాలలేదు. వారికి కావలసినది బట్ట: నేతగాండ్రు నేసిన తెల్లబట్ట, అద్దకపువారు అద్దిన రంగుబట్ట. తూర్పుదీవులలో లవంగము, మిరియము కొనుటకు వెండికన్న మన రంగుబట్టయే మంచి మారకము. ఆ బట్ట చవుకగా దొరకు చోటు వెదకుచు ఫ్రాన్సిస్ డే దక్షిణమునకు వచ్చెను. తమ తీరమునకును వర్తకము రావలెననియు, మంచి గుర్రములు దొరకవలెననియు దామెర్ల సోదరుల కోరిక. ఇరువుర అవసరములును కలిసెను.

దామెర్ల వేంకటప్పనాయకుడు ఆంగ్లేయులకు మద్రాసుపట్టణము అను పల్లెయొద్ద కోట కట్టుకొనుటకును, నాణెములు ముద్రించుకొనుటకును అనుమతించుచు దానశాసనమొసగెను. దాని ప్రతులలో 1639 జూలై 22 అను తేదీ కలదు. అయితే డే ఆ తీరమున దిగినది జూలై చివరివారమున గావున, అది ఆగస్టు 22 అయియుండవలెనని చరిత్రకారులలో పలువురు నిర్ణయించిరి. నేటికిని ఆగస్టు 22ననే ఆ నగరవాసులు నగర జన్మదినమును జరుపుకొనుచున్నారు. 1640 ఫిబ్రవరిలో కోగన్, డే ఇరువురును పరివారముతో ఓడలలో అచటికి చేరిరి. కోట పని ప్రారంభమయ్యెను. అదియే సెంటుజార్జి కోట. వారికి దుబాసీగా వ్యవహరించిన బేరి తిమ్మన్న కూడ తెలుగువాడే.

కోటకు ఆంగ్లేయులు తమ దేశపు పుణ్యపురుషుని పేరు పెట్టుకొనిరి. కోట చుట్టును పెరిగిన ఊరికి దామెర్ల సోదరులు తమ తండ్రి పేరు పెట్టిరి. అదియే చెన్నపట్టణము. ప్రళయకావేరికిని మైలాపూరునకును నడుమ, హాలండువారికిని పోర్చుగీసువారికిని కలుగు కలహములు మాన్పుటకై అయ్యప్ప తన తండ్రి పేర ఈ పట్టణమును నిర్మించెనని అంకభూపాలుడు తన ప్రబంధపు అవతారికలో చెప్పియున్నాడు. స్వయముగా ఆ కుటుంబములో పుట్టినవాడు చెప్పినమాట గనుక దీనికి విలువ యెక్కువ. ఆంగ్లేయుల కాగితములలో వర్తకమే కనబడును. తెలుగు ప్రబంధమున రాజనీతి కనబడుచున్నది. ఈ రెండును కలిపి చదివిననే జరిగిన సంగతి నిండుగా బోధపడును.

పట్టణము నిలిచినది గాని దాతల అధికారము నిలువలేదు. 1642లో పెదవేంకటరాయలు గతించెను. తరువాత వచ్చిన మూడవ శ్రీరంగరాయలకు దామెర్ల వేంకటప్పపై అనుమానము కలిగెను. గోలకొండవారితో లోపాయకారీ మంతనములు సలుపుచున్నాడని అతనిని నిర్బంధించెను. తీరపు అధికారము ఆ కుటుంబము చేజారెను. 1645లో శ్రీరంగరాయలు ఆంగ్లేయులకు తనపేర కొత్త శాసనమొసగి, పట్టణమునకు శ్రీరంగరాయపట్టణమని పేరిడెను. ప్రజలు ఆ పేరును స్వీకరింపలేదు. ఏండ్లు గడువకమునుపే గోలకొండ సేనాని మీర్‌జుమ్లా ఆ సీమను ఆక్రమించెను. అట్లు రాయలవారు పెట్టిన పేరు కాగితమునందే మిగిలెను. నాయకులు పెట్టిన పేరు జనుల నోట నిలిచెను.

దామెర్లవారు మాత్రము కాళహస్తిని విడువలేదు. తీరమునుండి వైదొలగి, సువర్ణముఖీతీరపు పాళెమునే నమ్ముకొని, గోలకొండ, మొగలాయి, ఆర్కాటు ప్రభుత్వములు మారుచుండగా పాళెగాండ్రుగా నిలిచిరి. ఒకనాడు తమ తాతలు చోటిచ్చిన కంపెనీయే తుదకు వారికి ప్రభువయ్యెను. 1802లో కంపెనీ ప్రభుత్వము వెంకటగిరి, కార్వేటినగరము మొదలైన వానితోబాటు కాళహస్తికిని శాశ్వత కట్టుబడి సన్నదు నిచ్చి, సైనికబాధ్యతను తీసివేసి, పేష్కసు చెల్లించు జమీందారులుగా చేసెను. ఇచ్చినవాడు పుచ్చుకొనువాడును, పుచ్చుకొన్నవాడు ఇచ్చువాడును అగుటకు నూట అరువది మూడేండ్లు పట్టెను. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టముతో ఆ జమీందారీయు ముగిసెను. చిత్తూరు జిల్లాలోనుండిన శ్రీకాళహస్తి 2022లో తిరుపతి జిల్లాలో చేరినది.

ఈ మూడువందల యేండ్లలో ఇంటిపేరు ఎన్ని రూపములు దాల్చినదో చూచిన వింతగానుండును. తెలుగు గ్రంథములలో దామెర్ల, దామర్ల అనియు, జమీందారీ కాగితములలో దామర అనియు కనబడుచున్నది. కాళహస్తియే పాత ఆంగ్ల లేఖలలో “కలాస్త్రి” అయినది. కోగన్ ఐర్లండులో గోగిన్ అయినట్లే, పరాయి చెవిని బట్టి పేరు మారుట సర్వత్ర సహజము. ఇట్టి రూపభేదములను చూచి వేర్వేరు వంశములని భ్రమపడరాదు. అట్లే పేరు కలిసినదని ఒకే వంశమనియు తలపరాదు. రాజమహేంద్రవరమున 1897లో జన్మించి, 1925లో చిన్నవయసుననే కీర్తిశేషుడైన ప్రసిద్ధ చిత్రకారుడు దామెర్ల రామారావుగారి ఇంటిపేరును ఇదియే. అంతమాత్రముచే ఆయనను కాళహస్తి ప్రభువులతో ముడివెట్టరాదు. ఓరుగల్లు ప్రాంతమున దామెర అను గ్రామము కలదు. ఒకే ఊరిపేరును కులగోత్రములు వేరైన కుటుంబములు ధరించుట తెలుగుదేశమున తరచుగా చూచుచునే యున్నాము. గోత్రము, శాఖ, పూర్వస్థానము, దానశాసనములు – వీనినన్నిటిని సరిపోల్చిననే నిర్ణయము చెల్లును.

ఇక చెన్నపట్టణపు పేరును గూర్చి ఒక్కమాట. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమేర్పడినప్పుడు ఆ నగరము మనకు దక్కలేదు. దానికై మనవారు ఎంత ఆరాటపడిరో పెద్దలకు తెలియును. 1996లో తమిళనాడు ప్రభుత్వము మద్రాసు అను పేరు మార్చి చెన్నై అని నిర్ణయించినది. ఆ విధముగా సెంటుజార్జి కోటయున్న మహానగరము కాళహస్తి నాయకుని పేరును అధికారముగా ధరించినది. ఇందులో ఒక వైపరీత్యము కలదు. నగరమునకు నిలిచినది చెన్నపనాయకుని సొంతపేరు. పోయినది ఆయన ఇంటిపేరు. ఇంటిపేరు కూడ ఉండియున్నచో ఆ చెన్నడెవరో, ఏ సీమవాడో, ఏ భాషవాడో విన్నవారికి తెలిసియుండును. అది లేకపోవుటచే పట్టణము ఉన్నది, దాత మరుగునపడినాడు.

ఇదే సంగతి నేడు మన ఇండ్లలోను జరుగుచున్నదని మా భావము. ఉద్యోగములకై, చదువులకై మనవారు పరరాష్ట్రములకును, సముద్రములు దాటియు పోవుచున్నారు. ఇంటిపేరు ఒక పొడి అక్షరమై పేరుముందు నిలుచుచున్నది. పిల్లలకు ఆ అక్షరము తెలియును గాని, దాని వెనుకనున్న ఊరు తెలియదు. దక్షిణాదిన తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములు కొన్నింటిలో ఇంటిపేరు పెండ్లి మాటలప్పుడు తప్ప వినబడదు. రాజవంశములకు కవులు వంశావళులు వ్రాసిరి. సామాన్య కుటుంబమునకు వంశావళి ఇంటిలోని పెద్దల జ్ఞాపకమే. ఆ జ్ఞాపకము ఒక తరముతో పోయినచో తిరిగి సంపాదించుటకు ఏ గ్రంథాలయమును తోడ్పడదు.

కావున పాఠకులకు మేము చేయు మనవి ఇది. మీ ఇంటిపేరు ఏ ఊరిదో, ఆ ఊరు ఏ తాలూకాలోనిదో, ఏ తరమున ఎవరు బయలుదేరి ఏ కారణమున ఎచటికి వచ్చిరో, కరవో యుద్ధమో వర్తకమో పెండ్లియో, పెద్దలనడిగి ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. గోత్రమును, ఇలవేలుపును, పాత భూముల దస్తావేజులలో ఇంటిపేరును వ్రాసిన తీరును చేర్చుడు. విన్నదానిని విన్నదిగాను, కాగితమున చూచినదానిని చూచినదిగాను వేరువేరుగా వ్రాయుడు. దామెర్లవారి కథ మనకు దక్కినది ఇంగ్లీషు కోఠీల లెక్కలవలన సగము, ఇంటిలోనే పుట్టిన ఒక కవి తండ్రిని గూర్చి నాలుగుమాటలు వ్రాసిపెట్టినందువలన సగము. ఆ రెండవ సగము వ్రాయవలసినవారు ప్రతి యింటిలోను ఒకరుండవలెను.